న్యూకాజిల్‌లో అవే మ్యాచ్: రైలు, పబ్, ఏడో లెవెల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఉంటూ ఆర్సెనల్, లివర్‌పూల్, చెల్సీ, మాంచెస్టర్ యునైటెడ్ లాంటి జట్ల వెంట న్యూకాజిల్ యునైటెడ్ సొంత మైదానమైన సెయింట్ జేమ్స్ పార్క్‌కు అవే మ్యాచ్ (ఎదుటి జట్టు మైదానంలో ఆడే మ్యాచ్) చూడ్డానికి మొదటిసారి వెళ్లే తెలుగువాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. లండన్ జట్ల అభిమానులకు లీగ్‌లోని దూర ప్రయాణాల్లో ఇదొకటి. స్టేడియం మాత్రం ఊరి నడిబొడ్డునే ఉంది, రైలు దిగి నడిచి వెళ్లిపోవచ్చు. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని ప్లాన్ చేసుకుంటే రోజంతా హాయిగా గడుస్తుంది.

అవే టికెట్ ఎవరు అమ్ముతారు? ఎంతుంటుంది?

అమ్మేది మీ జట్టే, న్యూకాజిల్ క్లబ్ కాదు. ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లకు అవే జట్టుకు 3,000 సీట్లు గానీ, స్టేడియం సామర్థ్యంలో 10 శాతం గానీ, ఏది తక్కువైతే అది ఇస్తారు. ఇక్కడ సీట్లు 52 వేలకు పైనే కాబట్టి లెక్క 3,000 దగ్గర ఆగుతుంది. 2016-17 సీజన్ నుంచి లీగ్ మ్యాచ్‌లకు పెద్దల అవే టికెట్ 30 పౌండ్లు దాటకూడదన్న నియమం ఉంది. ధర తక్కువే గానీ దొరకడమే కష్టం. పెద్ద క్లబ్బులన్నీ పాత అవే మ్యాచ్‌లకు వెళ్లినవాళ్లకు లాయల్టీ పాయింట్లు ఇచ్చి, ఎక్కువ పాయింట్లున్నవాళ్లకే ముందు అమ్ముతాయి. కొత్త మెంబర్‌కు కప్ మ్యాచ్‌లే మంచి దారి. ఎఫ్‌ఏ కప్‌లో అవే జట్టు 15 శాతం వరకు సీట్లు అడగవచ్చు కాబట్టి టికెట్లు పాయింట్లు లేనివాళ్ల దాకా వచ్చే అవకాశం ఎక్కువ.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్ చూపించి అమ్మేవాళ్ల జోలికి పోకండి. ఫుట్‌బాల్ టికెట్లను అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. అదీగాక ఫోన్ వాలెట్‌లో ఉండే డిజిటల్ టికెట్ స్క్రీన్‌షాట్‌తో టర్న్‌స్టైల్ (స్టేడియం గేటు) తెరుచుకోదు. అప్పటికే మీరు 400 కిలోమీటర్లు వచ్చేసి ఉంటారు.

న్యూకాజిల్‌లో చదివే ఫ్రెండ్ హోమ్ సీటు ఇప్పిస్తానంటున్నాడు. వెళ్లొచ్చా?

వద్దు. నార్తంబ్రియా, న్యూకాజిల్ యూనివర్సిటీల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట తరచుగా వస్తుంది. హోమ్ స్టాండ్‌లో, అంటే న్యూకాజిల్ అభిమానుల వైపు, అవే అభిమాని కనబడితే బయటికి పంపే హక్కు స్టీవార్డ్‌లకు (స్టేడియం సిబ్బందికి) ఉంటుంది, డబ్బు తిరిగి రాదు, టికెట్ ఇచ్చిన స్నేహితుడి మెంబర్‌షిప్‌కూ ముప్పే. నోరు మూసుకుని కూర్చుంటానని అందరూ అనుకుంటారు. మన జట్టు 88వ నిమిషంలో గోల్ కొడితే చేతులు వాటంతటవే లేస్తాయి. ఆ ఫ్రెండ్ ఇంట్లో రాత్రి పడుకోవడానికి చోటు అడగండి, అది ఎక్కువ ఉపయోగం.

రైలు టికెట్ ఎప్పుడు కొనాలి?

టీవీ మ్యాచ్‌ల జాబితా వచ్చాకే. సీజన్ మొదట్లో ఇచ్చే షెడ్యూల్‌లో చాలా మ్యాచ్‌లు శనివారం మధ్యాహ్నం 3 గంటలకని ఉంటాయి. తర్వాత టీవీ కోసం శనివారం 12:30కో, సాయంత్రం 5:30కో, ఆదివారానికో, సోమవారం రాత్రి 8కో జరుపుతారు. జట్లలో ఏ ఒక్కటి గురువారం యూరప్ మ్యాచ్ ఆడినా ఆ వారం లీగ్ మ్యాచ్ ఆదివారానికి వెళ్తుంది. చౌకగా ఉండే అడ్వాన్స్ టికెట్లు సాధారణంగా ప్రయాణానికి 12 వారాల ముందు నుంచే అమ్మకానికి వస్తాయి. ఆత్రపడి కొన్నవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. అడ్వాన్స్ టికెట్ బుక్ చేసిన ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, డబ్బు వాపసు రాదు. రైలు బయల్దేరేలోపు వేరే రైలుకి మార్చుకోవచ్చు గానీ ధరలో తేడా కట్టాలి, కొన్ని కంపెనీలు మార్పు రుసుమూ తీసుకుంటాయి.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి సుమారు 3 గంటలు, మాంచెస్టర్ నుంచి రెండున్నర, ఎడిన్‌బరా నుంచి గంటన్నర. లండన్ మార్గంలో ఎల్‌ఎన్‌ఈఆర్ అనే రైలు కంపెనీతో పాటు లూమో అనే మరో కంపెనీ రైళ్లూ నడుస్తాయి. లూమో టికెట్‌తో ఎల్‌ఎన్‌ఈఆర్ ఎక్కకూడదు, ఎల్‌ఎన్‌ఈఆర్ అడ్వాన్స్‌తో లూమో ఎక్కకూడదు. ఎల్‌ఎన్‌ఈఆర్‌లో 70 నిమిషాల ఫ్లెక్స్ అనే టికెట్ ఒకటుంది. బుక్ చేసిన రైలుకు 70 నిమిషాల ముందు నుంచి 70 నిమిషాల తర్వాత వరకు వాళ్ల ఏ రైలైనా ఎక్కవచ్చు. తిరుగు ప్రయాణానికి ఇది బాగా పనికొస్తుంది. వెళ్లేటప్పుడు అడ్వాన్స్, వచ్చేటప్పుడు ఫ్లెక్స్ తీసుకోవడం మంచి పద్ధతి.

16-25 రైల్‌కార్డ్‌తో మూడో వంతు తగ్గుతుంది. పేరు చూసి మోసపోవద్దు: 26 దాటినా ఫుల్‌టైమ్ చదువుతున్న విద్యార్థులు దానికి అర్హులే. ఎంఎస్‌కి వచ్చిన చాలామందికి ఇది తెలియక పూర్తి ధర కడుతున్నారు.

తిరుగు రైలు ఎన్నింటికి పెట్టుకోవాలి?

లెక్క వేద్దాం. 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్ హాఫ్‌టైమ్, ఇంజురీ టైమ్‌తో కలిపి దాదాపు 5కి అయిపోతుంది. స్టేడియం పైన అవే సీట్లుండే ఏడో లెవెల్ నుంచి వందల మందితో మెట్లు దిగడానికి 10 నిమిషాలు. కొన్ని మ్యాచ్‌లకు పోలీసులు అవే అభిమానులను మరో 10, 15 నిమిషాలు లోపలే ఆపుతారు. జనంలో స్టేషన్‌కి నడక 20 నిమిషాలు. అంటే 5:45కి ముందు రైలు పెట్టుకోకూడదు, 6:15 అయితే నిశ్చింత.

సాయంత్రం 5:30 మ్యాచ్ అయితే లండన్ వైపు చివరి రైలు ఎన్నింటికో చూడకుండా మ్యాచ్ టికెట్ కూడా కొనకండి. శనివారం రాత్రి దూరపు రైళ్లు తొందరగా ఆగిపోతాయి. రాత్రి 8 మ్యాచ్ అయితే ఆ రోజు రైల్లో లండన్ చేరే మాటే లేదు. ఊళ్లో గది తీసుకోవాలి, లేదా క్లబ్ కోచ్ (అభిమానుల బస్సు) ఎక్కాలి. అందుకే ఎప్పుడూ తిరుగు ప్రయాణం ముందు, వెళ్లేది తర్వాత బుక్ చేయండి.

క్లబ్ కోచ్‌లో వెళ్తే?

మీ క్లబ్ గానీ సపోర్టర్స్ క్లబ్ గానీ నడిపే కోచ్ స్టేడియం దగ్గర దింపి, మ్యాచ్ అవగానే ఎక్కించుకుంటుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకు, రాత్రి మ్యాచ్‌లకు ఇదే ఉత్తమం. మందు విషయంలో మాత్రం గట్టి నియమాలున్నాయి. మ్యాచ్‌కి అభిమానులను తీసుకెళ్లే కోచ్‌లో మద్యం తీసుకెళ్లడం, తాగి ఉండడం 1985 చట్టం ప్రకారం నేరం. బ్యాగులో మూత తీయని డబ్బా ఉన్నా నేరమే. పోలీసుల అనుమతి లేకుండా స్టేడియానికి 10 మైళ్ల లోపు కోచ్ ఆగకూడదు. దారిలో పబ్ దగ్గర ఆగాలంటే ముందే అనుమతి ఉండాలి, అక్కడ భోజనం కూడా పెట్టాలి. మ్యాచ్ మొదలయ్యే 2 గంటల కంటే ముందు చేరకూడదు. కాబట్టి కోచ్‌లో వచ్చినవాళ్లకు ఊళ్లో పబ్‌లో కూర్చునే టైము దాదాపు ఉండదు. పబ్ కావాలంటే రైలే.

రైల్లో తాగొచ్చా?

మామూలు రైళ్లలో చాలావరకు తాగవచ్చు. అయితే మ్యాచ్ రోజుల్లో కొన్ని రైళ్లను మద్యం లేని రైళ్లుగా ప్రకటిస్తారు, ప్లాట్‌ఫామ్ మీదే డబ్బాలు తీసేసుకుంటారు. ముందురోజు రైలు కంపెనీ వెబ్‌సైట్ చూసుకోండి.

కారులో వెళ్తే?

కాలుష్యం తగ్గించడానికి కొన్ని వాహనాలకు రుసుము వేసే న్యూకాజిల్ క్లీన్ ఎయిర్ జోన్‌లో సొంత కార్లకు రుసుము లేదు. ఊళ్లోకి వెళ్లకుండా దక్షిణం నుంచి వచ్చేవాళ్లు హ్యూవర్త్ మెట్రో స్టేషన్‌లో కారు పెట్టి మెట్రో ఎక్కడం తేలిక. ఏ19 రోడ్డు మీదుగా టైన్ టన్నెల్ దాటితే టోల్ అక్కడ కట్టడానికి బూత్ ఉండదు, మర్నాడు అర్ధరాత్రిలోపు ఆన్‌లైన్‌లో కట్టాలి, మర్చిపోతే జరిమానా వస్తుంది. నడిపేవాళ్లు అసలు తాగకూడదు. స్కాట్లాండ్ నుంచి వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి: ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల పరిమితి, స్కాట్లాండ్‌లో 2014 నుంచి 50 మాత్రమే.

స్టేషన్ నుంచి స్టేడియానికి దారి?

సెంట్రల్ స్టేషన్ నుంచి 15, 20 నిమిషాల ఎత్తు నడక. గ్రెయింజర్ స్ట్రీట్, న్యూగేట్ స్ట్రీట్ మీదుగా అందరూ వెళ్తారు, ఆ దారి గాలోగేట్ ఎండ్ అనే స్టాండ్ ముందుకి, అంటే హోమ్ అభిమానుల మధ్యలోకి తేలుతుంది. జట్టు రంగుల్లో ఉన్నవాళ్లకు సెయింట్ జేమ్స్ బూలవార్డ్ మీదుగా బ్యారక్ రోడ్‌కు చేరే దారి నయం. అవే గేట్లు ఉత్తరం వైపు, లీజెస్ స్టాండ్ దగ్గర ఉంటాయి. మెట్రోలో సెయింట్ జేమ్స్ స్టేషన్ సరిగ్గా స్టేడియం పక్కనే ఉంది గానీ సెంట్రల్ నుంచి మాన్యుమెంట్‌లో మారాలి. మ్యాచ్ రోజు నడకే త్వరగా అవుతుంది.

ఏ పబ్‌కి వెళ్లాలి? దేనికి వెళ్లకూడదు?

ముందు వెళ్లకూడనివి. గాలోగేట్ ఎండ్ ఎదురుగా ఉన్న స్ట్రాబెరీ పూర్తిగా హోమ్ పబ్. పక్కనే 2024లో మొదలైన స్టాక్ ఫ్యాన్ జోన్ కూడా అంతే. బిగ్ మార్కెట్ వీధి మ్యాచ్ రోజు నలుపు తెలుపు చారల జెర్సీలతో నిండిపోతుంది. అక్కడ గొడవ జరుగుతుందని కాదు. ఈ ఊరి జనం మాటకలుపుకునే మనుషులు. కానీ ఆ చోట్లు వాళ్లవి, మన రంగులతో అక్కడికి వెళ్లడం మర్యాద కాదు.

అవే అభిమానులు ఎక్కువగా సెంట్రల్ స్టేషన్ చుట్టూ చేరతారు. స్టేషన్ లోపలే సెంచూరియన్ ఉంది. 1893 నాటి ఫస్ట్ క్లాస్ వెయిటింగ్ హాలు అది, గోడల నిండా రంగుటైల్స్, ఒక్కసారైనా తల పైకెత్తి చూడాల్సిన గది. రైలు దిగగానే అందరూ అందులోకే వెళ్తారు కాబట్టి నిలబడడానికే చోటుండదు. ఎదురుగా ఐదు నిమిషాల్లో పింక్ లేన్‌కి వెళ్తే ఫోర్త్, టౌన్ వాల్ ఉన్నాయి. స్టేషన్ నుంచి టైన్ నది వైపు నడిస్తే హై లెవెల్ బ్రిడ్జ్ పక్కన బ్రిడ్జ్ హోటల్ ఉంటుంది. మంచి ఏల్ (ఒక రకం బీరు) తాగాలనుకునే ఇద్దరు ముగ్గురికి సైడ్ వీధిలోని క్రౌన్ పొసాడా బాగుంటుంది. సన్నటి పొడుగాటి గది, రంగుటద్దాల కిటికీలు. పదిమంది గుంపుగా మాత్రం అక్కడికి వెళ్లకండి. నది ఒడ్డునున్న కీసైడ్ అందంగా ఉంటుంది గానీ అక్కడి నుంచి స్టేడియానికి అరగంట ఎత్తు ఎక్కాలి.

ఏ పబ్ ఎవరిని రానిస్తుందో మ్యాచ్‌ని బట్టి మారుతుంది. పోలీసుల సలహాతో ఒక వారం అవే అభిమానులను రానిచ్చిన పబ్ మరో వారం రానివ్వకపోవచ్చు. ప్రతి క్లబ్‌కూ అభిమానులతో మాట్లాడే సపోర్టర్ లయజాన్ ఆఫీసర్ ఉంటారు, రెండ్రోజుల ముందు వాళ్లిచ్చే సమాచారం చూడండి. తలుపు మీద ‘అవే కలర్స్ నో’ అని రాసి ఉంటే జెర్సీ మీద కోటు జిప్ పెట్టి, మఫ్లర్ జేబులో పెట్టుకుంటే చాలా చోట్ల సరిపోతుంది. తలుపు దగ్గర సెక్యూరిటీ మనిషి ‘హోమా, అవేనా?’ అని అడిగితే నిజం చెప్పండి. కాదంటే థాంక్స్ చెప్పి పక్క పబ్‌కి వెళ్లండి. అక్కడ వాదన పెట్టుకుంటే ఆయన వాకీటాకీలో చెబుతాడు, ఆ వీధిలోని మిగతా తలుపులూ మూసుకుంటాయి.

పబ్‌కి ఎప్పుడూ వెళ్లలేదు. ఆర్డర్ ఎలా ఇవ్వాలి?

టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, మీరే బార్ దగ్గరికి వెళ్లాలి. వరుస కనబడదు గానీ ఉంటుంది: ఎవరు ముందొచ్చారో బార్‌లో పనిచేసేవాళ్ల మనసులో లెక్క ఉంటుంది. చెయ్యి ఊపడం, కార్డు చూపించడం, ‘హలో’ అని కేక వేయడం పనిచేయవు. బార్ మీద చెయ్యి ఆనించి వాళ్ల కళ్లలోకి చూస్తే చాలు. మీకంటే ముందొచ్చినవాళ్లు ఉండగా మిమ్మల్ని అడిగితే ‘ముందు వీళ్లు’ అని చూపించండి. ఈ చిన్న మర్యాదతో మీ పక్కన నిలబడ్డ హోమ్ అభిమాని కూడా మీతో మాట్లాడతాడు.

మొత్తం ఆర్డర్ ఒకేసారి చెప్పాలి. గిన్నిస్ ఉంటే ముందు చెప్పండి, అది రెండు విడతలుగా పోస్తారు, మధ్యలో నిలవనిస్తారు. ఒకరు అందరికీ కొంటే తర్వాత మరొకరు కొనాలి, దాన్ని రౌండ్ అంటారు. ఆరుగురి రౌండ్‌లో పడితే ఆరు పింట్లు తాగాల్సి వస్తుంది, కాబట్టి ఇద్దరు ముగ్గురుగా విడిపోండి. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, మన 650 సీసాకు కాస్త తక్కువ. సగం కావాలంటే ‘హాఫ్’ అనండి, ఎవరూ తక్కువగా చూడరు. న్యూకాజిల్ బ్రౌన్ ఏల్ 1927లో ఈ ఊళ్లోనే పుట్టింది, ఇప్పుడు ఇక్కడ తయారు కావడం లేదు. చాలాచోట్ల సీసాలో దొరుకుతుంది, 4.7 శాతం.

ఐడీ ఏది తీసుకెళ్లాలి?

25 ఏళ్లలోపు కనబడితే వయసు రుజువు అడుగుతారు. ఈవీసా ఫోన్‌లో చూపిస్తే కుదరదు. ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది, కానీ గుంపులో దాన్ని పోగొట్టుకుంటే వచ్చే తలనొప్పి తలచుకోండి. యూకే ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ గానీ, పాస్ (PASS) హోలోగ్రామ్ ఉన్న వయసు రుజువు కార్డు గానీ ముందే తీసుకోవడం మేలు.

నేను తాగను. శాకాహారిని. గొడ్డుమాంసం తినను. ఎలా?

లైమ్ అండ్ సోడా, ఆల్కహాల్ లేని జీరో బీరు ఏ పబ్‌లోనైనా ఉంటాయి. తాగని వాళ్లు బృందంలో ఒకరుంటే అందరికీ మంచిదే.

తిండి దగ్గర మాత్రం పేర్లు తెలిసుండాలి. స్టేడియాల్లో అమ్మే స్టేక్ పై, మిన్స్ పై రెండూ సాధారణంగా గొడ్డుమాంసమే. చలికి ఇంగ్లండ్ స్టేడియాల్లో చాలామంది తాగే బోవ్రిల్ చూడ్డానికి సూపులా ఉంటుంది, అది గొడ్డుమాంసం సారం. హాఫ్‌టైమ్‌లో పక్కవాళ్లు ప్రేమగా కప్పు చేతిలో పెడితే తెలియక తాగేస్తారు. బాల్టీ పై ఎక్కువగా చికెన్‌తో చేస్తారు, అయినా అడగండి. ఖచ్చితంగా శాకాహారమే కావాలనుకునేవాళ్లు చేతి పంపుతో పోసే కాస్క్ ఏల్ గురించి కూడా తెలుసుకోవాలి: చాలావాటిని తేటపరచడానికి చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు.

మ్యాచ్ రోజు పబ్బుల వంటగదులు కొన్ని తొందరగా మూసేస్తారు. స్టేషన్ నుంచి స్టేడియానికి వెళ్లే దారిలోనే గ్రెయింజర్ మార్కెట్ ఉంది, 1835 నాటిది. గ్రెగ్స్ ఈ ప్రాంతపు బేకరీ కంపెనీయే. దాని వీగన్ సాసేజ్ రోల్ శాకాహారులకు నమ్మకమైన ఆహారం. స్టోవెల్ స్ట్రీట్‌లో చైనీస్ హోటళ్లు స్టేడియానికి దగ్గర్లోనే ఉన్నాయి.

ఏడో లెవెల్ అంటే అందరూ ఎందుకు భయపెడతారు?

అవే సీట్లు లీజెస్ స్టాండ్ పై అంచెలో, ఏడో లెవెల్‌లో ఉంటాయి. అక్కడికి 14 వరుసల మెట్లు. మూడు పింట్లు తాగి, పరుగున వచ్చి ఎక్కితే మధ్యలోనే ఊపిరి అందదు. మ్యాచ్‌కి 50 నిమిషాల ముందే పబ్ వదలండి: నడక 20, తనిఖీ 10, మెట్లు 10, ఇంకా పైన బాత్రూమ్. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ బయటి జేబులో పెట్టుకోవాలి. మెట్లు ఎక్కలేనివాళ్లు, ఎత్తు అంటే కళ్లు తిరిగేవాళ్లు టికెట్ కొనేముందే మీ క్లబ్ యాక్సెసిబిలిటీ విభాగంతో మాట్లాడండి. గేటు దగ్గర చెబితే అప్పటికప్పుడు ఏర్పాటు జరుగుతుందన్న నమ్మకం లేదు.

పైన గాలి కోస్తుంది. కింద వీధిలో చొక్కాతో తిరిగే స్థానికులను చూసి మోసపోవద్దు. నవంబర్ నుంచి మార్చి వరకు థర్మల్, గ్లవ్స్, టోపీ తప్పనిసరి. ఆటగాళ్ల వీపు మీద నంబర్లు చదవడం కష్టమే. కానీ డిఫెన్స్ లైను ఒక్కటిగా ఎలా ముందుకు జరుగుతుందో, వింగర్ ఎక్కడ ఖాళీ చూసుకుంటాడో ఇక్కడి నుంచి కనబడినట్టు టీవీలో కనబడదు. ఆట తెలిసినవాళ్లకు ఇది చెడ్డ సీటు కాదు.

లోపలికి ఏవి తీసుకెళ్లకూడదు? లోపల బీరు దొరుకుతుందా?

పెద్ద బ్యాగు వద్దు. ఏ4 కాగితం కంటే పెద్దది చాలా స్టేడియాల్లో రానివ్వరు, రాత్రి ఉండేవాళ్లు సామాను హోటల్‌లోనే వదలాలి. గాజుసీసాలు, మద్యం కుదరవు. పొగబాంబులు, ఫ్లేర్లతో లోపలికి రావడానికి ప్రయత్నించడమే నేరం. బీరు సీట్ల వెనక కాన్‌కోర్స్‌లో తాగాలి, మైదానం కనబడే చోటికి తీసుకురావడం చట్టవిరుద్ధం. మత్తులో తూలుతూ గేటు దగ్గరికి వస్తే పంపించేస్తారు, అది కూడా నేరమే. నగదు నమ్ముకోవద్దు, కార్డు ఉంచుకోండి. టికెట్ ఫోన్‌లో ఉంటే పవర్ బ్యాంక్ తెచ్చుకోండి.

కూర్చోవచ్చా? పిల్లలను తేవచ్చా?

అవే స్టాండ్‌లో 90 నిమిషాలూ అందరూ నిలబడే ఉంటారు. పిల్లలతో వస్తే ముందు వరుసలు అడగండి. బూతుపాటలు వినబడతాయి, దానికి సిద్ధపడి రండి.

ఎవరైనా జాత్యహంకారంతో మాట్లాడితే?

సహించాల్సిన పని లేదు, ఎదురు తిరిగి కలబడాల్సిన పనీ లేదు. స్టేడియంలో సీటు నంబరు, వరుస గుర్తుపెట్టుకుని వెంటనే స్టీవార్డ్‌కి చెప్పండి, సీసీటీవీతో మనిషిని పట్టుకోవడానికి ఆ వివరమే ఆధారం. జాతిని కించపరిచే నినాదాలు 1991 చట్టం ప్రకారం నేరం. మన సొంత అవే స్టాండ్‌లోని మనిషి అన్నా అంతే, జట్టు ప్రేమతో కప్పిపుచ్చకండి. రైల్లో అయితే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసుకి 61016కి మెసేజ్ చేయండి: రైలు, బోగీ అక్షరం, తర్వాతి స్టేషన్ రాస్తే చాలు. ప్రమాదమనిపిస్తే 999. ఫుట్‌బాల్‌లో వివక్ష మీద పనిచేసే కిక్ ఇట్ అవుట్ సంస్థకూ ఫిర్యాదు చేయవచ్చు.

వీసా మీద ఉన్నాను. గొడవలో ఇరుక్కుంటే?

మైదానంలోకి దూకడం, ఏదైనా విసరడం కూడా నేరాలే. మ్యాచ్‌లకు రాకుండా కోర్టు పెట్టే నిషేధం, ఫుట్‌బాల్ బ్యానింగ్ ఆర్డర్, 3 నుంచి 10 ఏళ్లు ఉంటుంది. వీసా దరఖాస్తులో శిక్షలే కాదు, పోలీస్ కాషన్ (నేరం ఒప్పుకున్నాక పోలీసులు ఇచ్చే అధికారిక హెచ్చరిక) కూడా చెప్పాలి. కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ‘సంతకం పెట్టి వెళ్లిపో’ అంటే పెట్టేయకండి, ఉచితంగా ఇచ్చే లాయర్‌ని ముందు అడగండి. చుట్టూ తోపులాట మొదలైతే వీడియో తీయకుండా అక్కడి నుంచి కదలండి.

తిరుగు రైలు తప్పిపోతే?

తప్పు రైలు కంపెనీదైతే, అంటే మొదటి రైలు ఆలస్యమై రెండోది అందకపోతే, అదే టికెట్‌తో తర్వాతి రైల్లో పంపాలి, ఆలస్యానికి పరిహారమిచ్చే డిలే రీపే కింద డబ్బూ అడగవచ్చు. గంట దాటితే సాధారణంగా ఆ ప్రయాణపు పూర్తి ధర వస్తుంది. మ్యాచ్ ఆలస్యమై తప్పితే అది మీ ఖర్చే. అప్పుడు ప్లాట్‌ఫామ్ మీద పరిగెత్తకుండా ముందు టికెట్ ఆఫీసుకి వెళ్లి ఆ రాత్రి ఇంకా ఏ రైళ్లున్నాయో, యార్క్ లేదా లీడ్స్ వరకైనా వెళ్లగలరో అడగండి. టికెట్ లేకుండా ఎక్కేసి తర్వాత చూసుకుందామనుకుంటే జరిమానా పడవచ్చు. సెయింట్ జేమ్స్ బూలవార్డ్‌లో కోచ్ స్టేషన్ ఉంది, లండన్ వైపు రాత్రి కోచ్‌లో సీటుందేమో అక్కడికి నడిచేలోపే ఫోన్‌లో చూసేయండి. అదే రైలు తప్పిన మిగతావాళ్లూ అదే చూస్తుంటారు.